పెట్టెలో నాదం, పలకలో నాదం



మొన్న ఉగాదికి మా మేనల్లుడు ఇంటికి వచ్చాడు. పచ్చడి తిని, కాళ్లు బారజాపుకుని కూర్చుని, ఒక ప్రశ్న వేశాడు. "మామయ్యా, పాటలకు వరసలు కట్టుకోవడానికి ఏదైనా కొందామనుకుంటున్నాను. చేతిసంచిలో పట్టే చిన్న సింథసైజర్ కొనమంటావా, ట్యాబ్లెట్ కొనమంటావా? రెండూ కొనేంత డబ్బు నా దగ్గర లేదు" అన్నాడు.

చూడటానికి ఇది బజారు ప్రశ్న. నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి తేల్చుకోవలసిన విషయం. అయినా నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. దానికి కారణం ఉంది. ఈ ప్రసంగం చివర మనవి చేస్తాను. ముందుగా ఈ రెండు వస్తువులూ మన చేతికి ఎలా వచ్చాయో చెప్పుకుందాం.

మాది బెంగుళూరు పేట. ముత్తాతల నాటినుంచి ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. మా పిల్లల్లో తెలుగు చదవగలిగినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. కాని శనివారం భజనలో వాళ్లు పాడేవి తెలుగు పాటలే. మీలో సోలాపూరులోనో, బరంపురంలోనో, హోసూరులోనో ఉన్నవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మన తెలుగు కాగితం మీద కంటే గొంతులోనే ఎక్కువగా నిలబడింది. కాబట్టి పాటను దేనిలో వాయిస్తాం, దేనిలో దాచుకుంటాం అన్నది మనవంటివారికి కేవలం వినోదానికి సంబంధించిన విషయం కాదు.

మాటలు కాస్త తేటపరచుకుందాం. తీగను మీటకుండా, గాలి ఊదకుండా, విద్యుత్తుతోనే నాదాన్ని పుట్టించి, దాన్ని మనకు కావలసినట్లు మలిచే వాద్యం సింథసైజర్. ఇక ట్యాబ్లెట్ అంటే పలక వంటి కంప్యూటరు. మన చిన్నప్పటి రాతిపలక లాగే దానిమీద సొంత రాత ఏమీ ఉండదు. ఏ యాప్ తెరిస్తే ఆ వస్తువు అవుతుంది. ఒక క్షణం వీణ, మరుక్షణం మృదంగం, ఆ తరవాత ఉత్తరాల పెట్టె. ఈ ప్రసంగంలో నేను దాన్ని పలక అనే అంటాను.

వాద్యాన్ని చంకన పెట్టుకుని పోవాలన్న కోరిక కొత్తది కాదు. హార్మోనియం సంగతే చూడండి. పారిస్ నగరంలో అలెగ్జాండర్ దెబాన్ అనే ఆయన 1842లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అది కాళ్లతో తొక్కుతూ, కుర్చీలో కూర్చుని వాయించే వాద్యం. మనవాళ్లు పాడేది నేలమీద కూర్చుని. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో దాన్ని ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ, రెండో చేత్తో వాయించే పెట్టెగా మార్చాడు. అంతే, అది రైళ్లెక్కింది, ఎడ్లబండ్లెక్కింది. నాటక సమాజాలు, భజన గోష్ఠులు దాన్ని సొంతం చేసుకున్నాయి. అయితే ఆకాశవాణి 1940లో దాన్ని స్టూడియోలోకి రానివ్వనంది. గమకం పలకదు, స్వరానికీ స్వరానికీ మధ్యనున్న సూక్ష్మమైన నాదం దానికి అందదు అన్నది అభ్యంతరం. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. అభ్యంతరంలో నిజం లేకపోలేదు. మెట్టు నొక్కితే ఒక్క స్వరమే పలుకుతుంది, జారుడు ఉండదు. మోసుకుపోవడానికి వీలుగా ఉన్న వాద్యం కోసం మనం గమకాన్ని వదులుకున్నాం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

ఇక సింథసైజర్ కథ. అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో తన తొలి సింథసైజరును రూపొందించాడు. అలాంటివి గోడకానించిన బీరువాల్లా ఉండేవి, ఒళ్లంతా తీగలు. మన దేశానికి కూడా ఒకటి త్వరలోనే వచ్చిందని చాలామందికి తెలియదు. 1969లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో, సంగీతజ్ఞురాలు గీతా సారాభాయి చొరవతో, అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ మూగ్ యంత్రాన్ని నెలకొల్పాడు. అక్కడి మన యువకులు దానిమీద ప్రయోగాలు చేశారు. 1970ల తొలినాళ్లలోనే ఆ స్టూడియో మూతపడింది. కాని వాళ్లు చేసిన టేపులు ఒక అలమరలో మిగిలాయి. 2023లో ఆ సంగీతం రికార్డుగా వెలువడింది. యాభై ఏళ్ల తరవాత కూడా టేపు పలికింది. ఈ మాట కూడా గుర్తుంచుకోండి.

ఆ బీరువా చిన్నదవడం మొదలుపెట్టింది. 1970లో వచ్చిన మినీమూగ్‌ను ఒక మనిషి ఎత్తగలడు. లండన్‌లో ఇ.ఎం.ఎస్. అనే సంస్థ ఇంకో అడుగు వేసి, 1971లో చేతిపెట్టెలో ఇమిడే సింథి అనే వాద్యం చేసింది. వకీలు గుమాస్తా చేతిలోని పెట్టె లాగే ఉంటుంది. తెరిస్తే లోపల నాబ్‌లు, చిన్న చిన్న గుచ్చుపిన్నులు. మరుసటేడు మూతలో ఒక మెట్లపలక కూడా చేర్చారు. పింక్ ఫ్లాయిడ్ బృందం 1973 నాటి తమ ప్రసిద్ధ రికార్డులో ఒక పాటంతా ఈ పెట్టె పరుగుమీదే నడిపింది.

అయితే అప్పటి పెట్టెలకు ఒక జబ్బు ఉండేది. గది వేడెక్కితే శ్రుతి జారేది. మన తంబురా ఎండకూ వానకూ అలిగినట్లే అవీ అలిగేవి.

1980 ప్రాంతంలో జపానులో కాసియో సంస్థ ఒక చిత్రమైన వస్తువు తెచ్చింది. పేరు వి.ఎల్.-1. జేబులో పెట్టుకోవడానికి కొంచెం పెద్దది, అంతే. అది అటు లెక్కలు చేసే కాలిక్యులేటరు, ఇటు పాట పాడే వాద్యం. అంకెలు నొక్కి స్వరం గుణాన్ని మార్చవచ్చు. పెద్ద విద్వాంసులు దాన్ని ఆటబొమ్మ అన్నారు. 1982లో జర్మనీలోని ట్రియో అనే బృందం దాని టిక్కుటక్కుల మీదే ఒక పాట కట్టి దేశదేశాల్లో మోగించింది. ఒకే యంత్రం లెక్కా చేస్తుంది, పాటా పాడుతుంది. ఇప్పటి పలకకు ఇది చిన్న ముత్తవ్వ అనుకోవచ్చు.

అదే కాలంలో, 1981 చివర, రోలాండ్ సంస్థ టి.బి.-303 అనే వెండిరంగు పెట్టెను తెచ్చింది. పక్కన మంద్రస్వరం వాయించేవాడు లేని గిటారు విద్వాంసుడికి తోడుగా ఉంటుందని వాళ్ల ఊహ. అది బ్యాటరీలతో కూడా నడుస్తుంది. ఎవరూ పెద్దగా కొనలేదు. 1984 నాటికి తయారీ ఆపేశారు. కాని బొంబాయిలో సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జీత్ సింగ్ దాన్ని కొన్నాడు. 1982లో ఆ పెట్టెనూ, మరి రెండు రోలాండ్ యంత్రాలనూ ముందు పెట్టుకుని, పది రాగాలను డిస్కో తాళంలో వాయించి రికార్డు చేశాడు. వినేవారు లేక అది మూలబడింది. తరవాత అమెరికాలోని షికాగో కుర్రాళ్లు అదే పెట్టెను పాతసామాను ధరకు కొని, 1987లో ఆసిడ్ హౌస్ అనే కొత్త నాట్యసంగీతానికి దారి వేశారు. 2010లో చరణ్‌జీత్ సింగ్ రికార్డు మళ్లీ వెలువడినప్పుడు విన్నవారు నివ్వెరపోయారు. షికాగోలో పుట్టిందనుకున్న ధ్వనిని ఐదేళ్ల ముందే బొంబాయిలో ఒకాయన రాగాల్లో పలికించాడు!

ఇందులో మనకు కావలసిన విషయం ఒకటుంది. అమ్ముడుపోక మూలబడిన పెట్టె కూడా చావలేదు. ఎవరో ఒకరు దుమ్ము దులిపి, బ్యాటరీ వేసి, నాబ్ తిప్పితే అది మళ్లీ పలికింది. చేసినవాళ్లు మరిచిపోయినా అది పనిచేయడం మానలేదు. అలాగని పెట్టెకు లోపం లేదనను. బ్యాటరీ పూర్తిగా అయిపోతే 303లో కూర్చుకున్న స్వరవరసలు చెదిరిపోయేవి. 1983లో వచ్చిన యమహా డి.ఎక్స్.-7లో కూడా ఒక చిన్న బ్యాటరీయే స్వరాల జ్ఞాపకాన్ని కాపాడుతుంది. అది ఎండిపోతే మనం దాచుకున్న స్వరాలు ఎగిరిపోతాయి. వాద్యం మిగులుతుంది, దానిలో దాచినది పోతుంది.

ఆ 1983లోనే సంగీతయంత్రాల మధ్య ఒక మంచి ఒప్పందం కుదిరింది. దాని పేరు మిడి. అంతవరకూ ఒక సంస్థ వాద్యం ఇంకో సంస్థ వాద్యంతో మాట్లాడేది కాదు. అమెరికాలో డేవ్ స్మిత్, జపానులో ఇకుతారో కకెహాషి పూనుకుని, పోటీదారులందరినీ ఒక భాషకు ఒప్పించారు. ఐదు సూదుల గుండ్రటి ప్లగ్గు ఒకటి చాలు. నలభై ఏళ్ల నాటి పెట్టె ఇప్పటి పెట్టెతో ఆ తీగమీద మాట్లాడగలదు. 2020లో దానికి రెండో రూపం వచ్చింది. అప్పుడూ పాతదాన్ని కాదనలేదు.

మా ఊరి సంగతి కూడా చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. 1970ల చివర బెంగుళూరులో జి. రాజ్ నారాయణ్ రాడెల్ అనే సంస్థను మొదలుపెట్టి, ఎలెక్ట్రానిక్ శ్రుతిపెట్టెలను, తంబురా పెట్టెలను చేయసాగారు. తరవాత తాళం వేసే పెట్టెలు కూడా వచ్చాయి. తిత్తి ఆడించనక్కరలేదు, తీగ బిగించనక్కరలేదు. నాబ్ తిప్పి శ్రుతి పెట్టుకుంటే గంటలకొద్దీ నిలకడగా పలుకుతుంది. తంబురా పట్టే శిష్యుడు దొరకని సంగీతం మాస్టారికీ, వంటింట్లో పోపు వేస్తూ పాడుకునే ఇల్లాలికీ అది తోడయింది. దాన్ని సింథసైజర్ అని ఎవరూ పిలవలేదు గాని, నా లెక్కలో అది మన సింథసైజరే. నాదం విద్యుత్తుదే, పెట్టె చేతిలో పట్టేదే.

ఇప్పుడు పలక వద్దకు వద్దాం. ఆపిల్ సంస్థ ఐప్యాడ్ 2010 ఏప్రిల్‌లో అమ్మకానికి వచ్చింది. బరువు ముప్పావు కిలో లోపు. ఆ ఏడే కోర్గ్ సంస్థ తన పాత వాద్యాలను అందులోకి దించింది. 1978 నాటి ఎం.ఎస్.-20 అనే పెట్టె, తీగలతో సహా, గాజుమీద బొమ్మగా ప్రత్యక్షమైంది. ఇంగ్లండుకు చెందిన గొరిల్లాజ్ బృందం ఆ శరదృతువులో అమెరికా పర్యటన చేస్తూ, హోటలు గదుల్లో ఎక్కువభాగం ఆ పలకమీదే ఒక ఆల్బమ్ పూర్తిచేసి, క్రిస్మస్ నాడు విడుదల చేసింది. 2011 మార్చిలో గ్యారేజ్‌బ్యాండ్ అనే యాప్ ఐదు డాలర్ల లోపు ధరకు పలకలో వచ్చింది. ఒకప్పుడు లక్షలు పోసి కట్టే స్టూడియో పిల్లవాడి ఒళ్లోకి వచ్చి కూర్చుంది. ఇది చిన్న విషయం కాదు. డబ్బులేని ఇంటి పిల్లవాడికి పలక చేసిన మేలు ఏ పెట్టే చేయలేదు.

ఇంకో మేలు మన సంగీతానికి ప్రత్యేకమైనది. హార్మోనియం దగ్గర వదులుకున్నాం అని గుర్తుంచుకోమన్నానే, ఆ గమకం పలకమీద తిరిగి వచ్చింది. గాజుమీద మెట్లుండవు. వేలు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారవచ్చు, ఊగవచ్చు, వీణతీగను లాగినట్లు లాగవచ్చు. జియోష్రెడ్ అనే యాప్ అలాంటిదే. మహేశ్ రాఘవన్ ఆ పలకమీద కర్ణాటక సంగీతం వాయించి వేలమందికి వినిపించారు. నూరేళ్లకు పైగా మెట్లవాద్యం మీద ఉన్న అభ్యంతరానికి జవాబు చెప్పింది మెట్లే లేని గాజుపలక.

మరి పలక అన్నింటా గెలిచినట్లేనా? తొందరపడకండి. మొదటిది, వేలు గాజును తాకడానికీ నాదం వినిపించడానికీ మధ్య ఎడం. తొలినాటి ఆండ్రాయిడ్ పలకల్లో చాలావాటిలో ఆ ఎడం సెకనులో పదోవంతు దాటేది. తాళం తెలిసిన వేలు దాన్ని భరించదు. ఇప్పుడది బాగా తగ్గింది. రెండోది, వేలికి చూపు లేకపోవడం. నాబ్‌ను చీకట్లో కూడా తడిమి తిప్పవచ్చు. గాజుమీద ఎక్కడున్నామో కన్ను చెప్పాలి. మూడోది అన్నిటికంటే పెద్దది. పలకను నడిపే వ్యవస్థ ఏటేటా మారుతుంది. ఆపిల్ 2017లో తన వ్యవస్థను పదకొండో రూపానికి మార్చినప్పుడు, అంతకుముందు పద్ధతిలో, అంటే 32 బిట్ల పద్ధతిలో రాసిన యాప్‌లు అందులో తెరుచుకోలేదు. తయారుచేసినవారు తిరగరాసినవి బతికాయి. ఓపిక లేనివారివి పోయాయి. వాటిలో సంగీతం యాప్‌లు కూడా ఉన్నాయి.

బహుశా అందుకేనేమో, పలక వచ్చిన దశాబ్దంలోనే చిన్న పెట్టెలు మళ్లీ పుట్టుకొచ్చాయి. కోర్గ్ సంస్థ పలకకు యాప్‌లు చేస్తూనే, 2010లో అరచేతిలో పట్టే మోనోట్రాన్‌ను, 2013లో ఆరు పెన్సిల్ బ్యాటరీలతో నడిచే వోల్కా పెట్టెలను తెచ్చింది. స్వీడన్‌లో టీనేజ్ ఇంజనీరింగ్ అనే సంస్థ 2011లో ఓ.పి.-1 అనే సన్నటి వాద్యాన్ని అమ్మకానికి పెట్టింది. అందులో ఎఫ్.ఎం. రేడియో కూడా ఉంది. వచ్చే ప్రసంగాన్ని పట్టి వాద్యంగా వాయించవచ్చు. ఈ నా మాటలనూ ఎవరైనా అలా వాయిస్తారేమో తెలియదు! అదే సంస్థ 2015లో పాత కాలిక్యులేటరును పోలిన పాకెట్ ఆపరేటర్లను చేసింది. చూశారా, కథ చుట్టు తిరిగి కాసియో దగ్గరికే వచ్చింది. అన్నీ చేయగల పలక ఇంట్లో ఉండగా, ఒక్క పనే చేసే పెట్టెను జనం ఎందుకు కొన్నారు? సాధన చేసేవాడికి నిన్నటి చోటే ఇవాళా అదే నాబ్ ఉండాలి. పది రోజులకొకసారి వీణమెట్లు జరిపేస్తే ఎవరు నేర్చుకుంటారు?

ఇప్పుడు నా మౌనానికి కారణం చెబుతాను.

మా మేనత్తకు తెలుగు పాటలు అరవై దాకా వచ్చు. మంగళహారతులు, తలంటు పాటలు, పెళ్లిలో వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు. ఆమెకు రాత రాదు. అవి ఏ పుస్తకంలోనూ చూడలేదు నేను. 2012లో ఎనభై దాటిన ఆమెను కూర్చోబెట్టి, ఒక చుట్టం పైదేశంనుంచి తెచ్చిన పలకలో ఒక సంగీతం యాప్ తెరిచి, రెండు వేసవుల్లో నలభై ఒక్క పాట పట్టాం. మా మేనల్లుడు అప్పుడు పదేళ్లవాడు. శ్రుతిపెట్టె నాబ్ తిప్పడం వాడి పని. పాట పాటకూ ఆమె "ఏదీ, నువ్వు అనరా చూద్దాం, శ్రుతి కలిసిందో లేదో" అని వాడిచేత పల్లవి అనిపించేది. పాటల వెనక కంజీర, వయొలిన్ అన్నీ ఆ యాప్‌లోనే నేను చేర్చాను. ఎంత మురిసిపోయానో!

2015లో అత్తయ్య పోయింది. మరుసటేడు ఆ పలక బ్యాటరీ ఉబ్బి పనికిరాకుండా పోయింది. కొత్తది కొన్నాం. చూస్తే ఆ యాప్ లేదు. చేసినవారు మానేశారు. పాటల ఫైళ్లు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. వాటిని తెరిచేది ఒక్కటీ లేదు. బీరువా ఉంది, తాళంచెవి చేసినవాడు ఊరు విడిచిపోయాడు. నలభై ఒక్కటిలో మిగిలినవి మూడు. అవి కూడా ఒక పెళ్లికి పంపాలని మామూలు ఆడియోగా మార్చినందువల్ల మిగిలాయి. ఇంకా, 1991లో పట్టిన ఒక క్యాసెట్టు ఉంది. అందులో ఆమె గొంతు అరగంటసేపు, వెనక శ్రుతిపెట్టె. ఆ క్యాసెట్టు ఇప్పటికీ తిరుగుతుంది. ఆ శ్రుతిపెట్టె ఇప్పటికీ మోగుతుంది. ఒక నాబ్ విరిగితే అగ్గిపుల్ల దోపి తిప్పుతున్నాం.

తప్పు పలకది అని నేను అనను. తప్పు నాది. వాయించే వస్తువును దాచుకునే వస్తువనుకున్నాను. బ్యాటరీ ఎండిన పెట్టె, మూతపడ్డ యాప్ చెప్పేది ఒకటే. పాటను వాద్యానికి అప్పగించకూడదు.

ఉగాదినాడు వాడు నన్నడిగింది మామూలు ప్రశ్న కాదు. "ఏ పాటలురా కడతావు?" అన్నాను. "అమ్మమ్మవే మామయ్యా. పల్లవులు నాకు గుర్తున్నాయి. పంతొమ్మిది దాకా వచ్చాయి. పక్కన పెట్టుకుని వాయిస్తుంటే మిగతావి కూడా వస్తాయేమోనని" అన్నాడు. నాకు కాసేపు నోట మాట రాలేదు.

మర్నాడు వాడికి చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను. పలక నీ జేబులో ఇదివరకే ఉంది. నీ ఫోను చిన్న పలకే. రికార్డు చేయడానికి అది చాలు. కాబట్టి ఉన్న డబ్బుతో పెట్టె కొను. దాని నాబ్‌లు నీ వేళ్లకు అలవాటు కానీ. పదేళ్ల తరవాత కూడా అవి అక్కడే ఉంటాయి. మిడి ప్లగ్గు ఉన్నది చూసి కొను. గమకం పెట్టెలో పలకకపోతే నీ గొంతులో పలికించు, అమ్మమ్మ నేర్పింది గొంతుతోనే కదా. ఎప్పుడైనా గాజుమీద గమకం వాయించాలనిపిస్తే అరువు పలకమీద వాయించుకో. కాని ఏ పాట పూర్తయినా ఆ రాత్రే మామూలు ఆడియో ఫైలుగా మార్చి మూడుచోట్ల దాచు. నాలుగోచోటు ఇంకొక పిల్లవాడి గొంతు.

వాడు పెట్టె కొన్నాడు. రెండు గుప్పిళ్లంత ఉంది. శ్రీరామనవమి నాటి భజనలో దాన్ని ముందు పెట్టుకుని అత్తయ్య హారతి ఒకటి అందుకున్నాడు. రెండో చరణం మధ్యలో ఆగిపోయాడు. వెనక వరసలో కూర్చున్న ఒక ముసలావిడ, అత్తయ్యకు ఎదురింట్లో యాభై ఏళ్లున్న మనిషి, ఆ చరణం అందుకుని పూర్తిచేసింది. ఇప్పుడు మా దగ్గర ఇరవై పాటలున్నాయి.

మీ ఇంట్లో కూడా ఒక అత్తయ్య ఉండే ఉంటుంది. ఆమె ముందు పెట్టె పెడతారో, పలక పెడతారో మీ ఇష్టం. కాని ఈ ఆదివారమే కూర్చోబెట్టండి. పక్కన ఒక పిల్లవాణ్ణి కూడా కూర్చోబెట్టండి.

సెలవు.